చెంచాకి తగ్గ పాస్తా

ఇటలీలో, బొలోన్యాకి దగ్గర్లో, మా సభవాళ్ళు నడిపే వృద్ధాశ్రమం ఒకటుంది. గుంటూరు జిల్లా పల్లెటూరి నుంచి మఠవాసినిగా వెళ్ళిన నేను, నా పనికాలంలో ఎక్కువ భాగం ఆ ఇంటి వంటగదిలోనే గడిపాను. స్పగెట్టి, పెన్నె, మాకరోని ఇప్పుడు మన ఊళ్ళలో కూడా అందరికీ తెలిసినవే. నేను రోజూ వండింది మాత్రం మిరియపు గింజంత, బియ్యపు గింజంత ఉండే చిన్న పాస్తా. రాత్రి భోజనానికి ముసలివాళ్ళకి అదే. జ్వరం తగిలినవాళ్ళకి అదే. పండగ మర్నాడు కడుపు బరువుగా ఉందన్నవాళ్ళకీ అదే.

ఇప్పుడు ఇంటికి తిరిగొచ్చాను. ఇటలీ బయల్దేరుతున్న కొత్త సిస్టర్లు, చదువుకని యూరప్ వెళ్ళిన పిల్లలు, ఇక్కడే సూపర్ మార్కెట్లో బియ్యంలా ఉండే ఓర్జో పాస్తా పొట్లం కొనుక్కొచ్చిన మా మేనకోడళ్ళు, అందరూ అడిగేది ఒకటే: "ఇంత చిన్నదాన్ని ఏం చేసుకోవాలి అత్తా?" వాళ్ళకోసం నాకు తెలిసింది వరసగా రాస్తున్నాను. వీటన్నిటికీ మూలం ఒక్క మాట. చిన్న పాస్తా వండేవాళ్ళు గిన్నెకంటే ముందు తినే మనిషిని చూడాలి. పళ్ళు ఎలా ఉన్నాయి, ఆకలి ఎంత, చెయ్యి వణుకుతోందా, బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారా. ఇవి తెలుసుకున్నాక వంట తేలిక.

1. చెంచాని చూసి ఆకారం ఎంచుకోండి

పెద్ద పాస్తా ఫోర్కుతో తింటారు, చిన్నది చెంచాతో. అందుకని చెంచాలోకి పాస్తాతో పాటు ఇంకేం రావాలో ముందే అనుకోవాలి. ఇటలీ దుకాణంలో చిన్న పాస్తా అర ముందు నిలబడితే మతి పోతుంది. నక్షత్రాల్లా ఉండే స్టెల్లినె, మిరియాలంత ఆచిని ది పేపె, బియ్యంలా కనిపించే రిజోని, పొట్టి గొట్టాలు దితాలిని, చదరపు ముక్కలు క్వాద్రూచ్చి, సీతాకోకచిలుకలు ఫార్ఫల్లీనె, సన్నటి పుల్లలు ఫిలీని, అక్షరాలు, ఉంగరాలు, ఎన్నో. వీటిని నేను మూడు గుంపులుగా చేసుకున్నాను.

మొదటి గుంపు తేట రసంలోకి. స్టెల్లినె, ఆచిని ది పేపె, ఫిలీని లాంటివి. నాలుకకి తగిలీ తగలనట్టుండి, నమలక్కర్లేకుండా పోతాయి. రెండో గుంపు గింజలూ కూరముక్కలూ ఉన్న చిక్కటి సూపులోకి. దితాలిని, చిన్న గవ్వలు లాంటివి. వీటిలో బోలు ఉంటుంది గనక చిక్కటి రసం లోపలికి చేరి నిలుస్తుంది. మూడో గుంపు తమంతట తామే వంటకమయ్యేవి. రిజోని, సార్డీనియా ద్వీపపు ఫ్రేగొల, సిసిలీ ఉంగరాలు. వీటిని అన్నంలా వండుకోవచ్చు, అవెన్లో పెట్టుకోవచ్చు.

గుంపులు తారుమారు చెయ్యకండి. చిక్కటి చిక్కుడుగింజల సూపులో స్టెల్లినె వేస్తే కరిగి జావలో కలిసిపోతాయి. తేట రసంలో దితాలిని వేస్తే, గొట్టాలు అడుక్కి చేరి, చెంచాతో వేటాడాల్సి వస్తుంది. చెయ్యి వణికే మనిషికి అది పెద్ద శ్రమ.

2. పెట్టె వెనక్కి తిప్పి చదవండి

ఇటలీలో తయారయ్యే పొడి పాస్తా డ్యూరం గోధుమ రవ్వతోనే చెయ్యాలి. 1967లో వచ్చిన 580వ నంబరు చట్టం నుంచి ఇది నియమం. డ్యూరం గట్టి గోధుమ. అందులోని మాంసకృత్తులు ఉడికేటప్పుడు వలలా పట్టుకుని, లోపలి పిండిని బయటికి పోనివ్వవు. మనకిది కొత్త ధాన్యమేం కాదు. ఉప్మాకి కొనే బన్సీ రవ్వ డ్యూరం జాతి గోధుమదే. చిన్న పాస్తాకి ఈ గట్టిదనం మరీ అవసరం. స్టెల్లినె మందం మిల్లీమీటరుకి అటూ ఇటూగా ఉంటుంది. మైదాతో చేసిన చవక రకమైతే అంత సన్నటిది నీళ్ళు తగిలిన రెండు నిమిషాలకే అంబలవుతుంది. పెట్టె మీద డ్యూరం రవ్వ అని ఉందో లేదో చూసుకోండి. మైదా అని ఉంటే పెట్టి వచ్చేయండి.

ఇంకో రెండు సంగతులు కూడా ఆ పెట్టె మీదే ఉంటాయి. "అల్ ఊవొ" అని రాసి ఉంటే గుడ్డు కలిసినట్టు. ఇటలీ నియమం ప్రకారం కిలో రవ్వకి కనీసం 4 కోడిగుడ్లు పడాలి. క్వాద్రూచ్చి ఎక్కువగా ఆ రకమే. గుడ్డు తిననివాళ్ళింటికి తీసుకెళ్ళేటప్పుడు ఇది చూడకుండా కొనకూడదు. రెండోది, "కొత్తూర" అన్న మాట పక్కన ఉండే అంకె. ఎన్ని నిమిషాలు ఉడకాలో అది చెబుతుంది. ఒకే ఆకారానికి కూడా ఒక కంపెనీ నిమిషాలకీ ఇంకో కంపెనీ నిమిషాలకీ తేడా ఉంటుంది. అందుకని డబ్బాలో పోసుకునేటప్పుడు ఆ అంకె ఉన్న అట్టముక్కని కత్తిరించి లోపల వేసుకోండి. మా వంటగదిలో ప్రతి డబ్బాలోనూ అలాంటి ముక్క ఉండేది.

3. రసం బాగుంటేనే పాస్తా బాగుంటుంది

ఇటలీవాళ్ళ ఇంటి వంటకి పెద్దబాలశిక్షలాంటి పుస్తకం పెల్లెగ్రీనో ఆర్తూసి రాసింది. 1891లో ఫ్లారెన్సులో అచ్చయింది. అందులో ఒకటో నంబరు వంటకం బ్రోదో, అంటే మాంసమూ ఎముకలూ కాచి తీసిన తేట రసం. చిన్న పాస్తా వండేవాళ్ళు కూడా అక్కడే మొదలుపెట్టాలి. పాస్తాకి సొంత రుచి కొంచెమే. ఏ రసంలో ఉడికితే ఆ రుచి తాగుతుంది.

మా పద్ధతి చెబుతాను. కోడి, గొడ్డుమాంసపు ఎముక, ఒక క్యారెట్, ఒక ఉల్లిపాయ, ఒక సెలెరీ కాడ. అన్నీ చన్నీళ్ళలో వేసి సన్న సెగ మీద పెట్టాలి. వేణ్ణీళ్ళలో వేస్తే మాంసం పైన బిగుసుకుంటుంది, సారం తీరిగ్గా దిగదు. పైకి తేలే నురుగు తీసేస్తూ ఉండాలి. తెర్లకూడదు. ఉపరితలం మీద అక్కడో బుడగ, ఇక్కడో బుడగ లేస్తే చాలు. అలా మూడు గంటలు. మరగబెడితే కొవ్వు రసంలో కలిసిపోయి మడ్డిగా అవుతుంది. వడకట్టి, చల్లారాక పైన గడ్డకట్టిన కొవ్వు తీసెయ్యాలి.

మాంసం వద్దనేవాళ్ళకి ఉల్లి, క్యారెట్, సెలెరీ, ఒక టమాటా, కాసిని పుట్టగొడుగులు ముప్పావుగంట కాస్తే మంచి రసమే వస్తుంది. శనగలు ఉడికించిన నీళ్ళు ఇంకా బాగుంటాయి. పార్మిజాన్ చీజ్ చెక్కులు పారెయ్యకండి. ఆ చెక్కు కూడా ఎండి గట్టిపడ్డ చీజే. పైభాగం గీకి కడిగి రసంలో వేస్తే రుచి ఎక్కడికో వెళ్తుంది. అయితే ఒకటి గుర్తుంచుకోండి. అసలైన పార్మిజాన్‌ని దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు. పూర్తి శాకాహారులకి పెట్టే ముందు ఆ సంగతి చెప్పాలి.

4. కొలత చేత్తో వద్దు, తూకంతో చెయ్యండి

ఇటలీలో పొడి పాస్తా మనిషికి 80 గ్రాములు లెక్క. రసంలో వేసేదైతే అందులో సగం, 40 గ్రాములు. పెద్ద వయసువాళ్ళకి 30 చాలు. అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. దానికి రసం 300 మిల్లీలీటర్లు. పొడిగా ఉన్నప్పుడు చూస్తే గిన్నె అడుగున నాలుగు గింజలు ఉన్నట్టే ఉంటుంది. ఇంకో గుప్పెడు వెయ్యాలని చెయ్యి లాగుతుంది. వెయ్యకండి. అది ఉబ్బి, పది నిమిషాల్లో రసమంతా తాగేసి, గరిట నిలబడేంత గట్టిపడుతుంది.

ఉప్పు సంగతి కూడా ఇక్కడే. పెద్ద పాస్తాకి లీటరు నీళ్ళకి 10 గ్రాముల ఉప్పు వేస్తారు. ఆ నీళ్ళు వంచేస్తారు గనక సరిపోతుంది. చిన్న పాస్తా ఉడికిన నీళ్ళు మాత్రం మనిషి కడుపులోకే వెళ్తాయి. ఆ లెక్కన ఉప్పు వేస్తే నోట పెట్టలేరు. రసంలో ఉప్పు తక్కువగా ఉంచి, చివర చీజ్ కలిపాక రుచి చూసి సరిచేసుకోండి. బీపీ ఉన్నవాళ్ళు తినే ఇంట్లో ఇది వంటకంటే ముఖ్యమైన సంగతి.

5. తినేవాళ్ళు కూర్చున్నాకే వెయ్యండి

చిన్న పాస్తా ఎవరికోసమూ ఆగదు. స్టెల్లినె 4, 5 నిమిషాల్లో ఉడికిపోతాయి. ఆ తర్వాత ప్రతి నిమిషమూ నష్టమే. రసం ముందే సిద్ధం చేసి వేడిగా ఉంచుకోండి. తినేవాళ్ళు చేతులు కడుక్కుని కూర్చున్నాక, తెర్లుతున్న రసంలో పాస్తా వెయ్యండి. మా ఇంట్లో ప్రార్థన గంట మోగి, పెద్దవాళ్ళు చేతికర్రలు పక్కన పెట్టి కుర్చీల్లో సర్దుకునే చప్పుడు విన్నాకే నేను డబ్బా మూత తీసేదాన్ని.

వందమందికి వండేచోట ఇదెలా అని కొత్త సిస్టర్లు అడుగుతారు. అలాంటప్పుడు రసమూ పాస్తా వేరువేరుగా ఉంచాలి. పాస్తాని ఉప్పునీళ్ళలో ఒక నిమిషం తక్కువగా ఉడికించి, వార్చి, చెంచాడు ఆలివ్ నూనె కలిపి, వెడల్పాటి పళ్ళెంలో పరవండి. వడ్డించేటప్పుడు గిన్నెలో చెంచాడు పాస్తా, దాని మీద సలసల కాగే రసం. వార్చడానికి మామూలు చిల్లుల గిన్నె పనికిరాదు. ఆచిని ది పేపె చిల్లుల్లోంచి జారి సింకులో పడతాయి. సన్నజాలీ వడపోత గిన్నె కావాలి. టీ వడకట్టే జాలీ పెద్దదైతే ఇద్దరి వంటకి అది చాలు.

6. పంటికి తగిలేలా అన్న నియమం అందరికీ వర్తించదు

పాస్తా కొంచెం పలుకుగా ఉండాలని లోకమంతా చెబుతుంది. పెద్ద పాస్తాకి, గట్టి పళ్ళున్నవాళ్ళకి అది సరే. రసంలో వేసిన చిన్న పాస్తా పొయ్యి మీంచి దించాక కూడా వేడికి ఉడుకుతూనే ఉంటుంది. గిన్నె వంటగది నుంచి బల్ల దాకా వెళ్ళే వ్యవధి కూడా వంటలో భాగమే. అందుకని పెట్టె మీద 6 నిమిషాలంటే 5 దగ్గర ఒక గింజ తీసి కొరికి చూడండి. నడిమధ్యలో తెల్లటి చుక్క ఇంకా ఉందంటే కాసేపు ఆగాలి. చుక్క మాయమై, గింజ మాత్రం విడిగా నిలిచి ఉంటే దించేయండి.

పళ్ళు కట్టించుకున్నవాళ్ళకి ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ ఉడికించినా తప్పులేదు. ఒకే గిన్నెలోంచి ముందు కుర్రవాళ్ళకి, తర్వాత పెద్దవాళ్ళకి వడ్డిస్తే ఇద్దరికీ తగినట్టు ఉంటుంది. ఆ వరసని నేను రోజూ పాటించాను.

7. మింగడం కష్టమైనవాళ్ళకి ఈ వంటకం పెట్టకండి

ఇది అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సిన పాఠం. పక్షవాతం వచ్చినవాళ్ళకీ, పార్కిన్సన్ జబ్బున్నవాళ్ళకీ, మతిమరుపు ముదిరినవాళ్ళకీ మింగడం కష్టమవుతుంది. చిన్న పాస్తా మెత్తగా ఉంటుంది గనక వాళ్ళకి మంచిదని అందరూ అనుకుంటారు. అది ప్రమాదం. పలచటి నీళ్ళూ, గట్టి పలుకులూ కలిసి ఉన్న ఆహారం వాళ్ళకి మరీ కష్టం. నోట్లో పలుకుల్ని సర్దుకునేలోగా నీళ్ళు ముందే గొంతులోకి జారి, ఊపిరితిత్తుల దారి పట్టొచ్చు. తింటూ దగ్గడం, గొంతు బొంగురుగా, తడిగా వినిపించడం, తిన్నాక కళ్ళు చెమ్మగిల్లడం కనిపిస్తే వెంటనే ఆపి డాక్టరుకి చెప్పాలి.

అలాంటివాళ్ళకి ఇటలీలో పాస్తా బదులు సన్నటి గోధుమరవ్వని రసంలో కాచి పెడతారు. తెర్లుతున్న రసంలో రవ్వని వానలా రాలుస్తూ, విస్కుతో ఆపకుండా కలుపుతూ, పది నిమిషాలు ఉడికించాలి. ఒక్క ఉండ కూడా ఉండకూడదు. చెంచా వంచితే ఒకే ముద్దగా జారాలి. ఎంత చిక్కగా ఉండాలన్నది డాక్టరూ, మింగే శిక్షణ ఇచ్చే నిపుణులూ చెప్పినట్టే చెయ్యాలి. వంటగదిలో ఎవరి ఊహా పనికిరాదు. పసిపిల్లల విషయంలో కూడా ఇంతే జాగ్రత్త. ఇటలీలో పిల్లలకని ఇసుక రేణువంత సన్నటి పాస్తా అమ్ముతారు. అక్కడినుంచి మొదలుపెట్టి, నమలడం వచ్చేకొద్దీ ఆకారం పెంచుతారు. గోధుమ పడని సీలియాక్ జబ్బున్నవాళ్ళకి బియ్యం, మొక్కజొన్నలతో చేసిన చిన్న పాస్తా వేరే గిన్నెలో, వేరే గరిటతో వండాలి.

8. జబ్బుమనిషికి వెన్న, గుడ్డు, ఓపిక

ఇటలీలో ఒంట్లో బాగాలేని పిల్లవాడికి తల్లి పెట్టేది రసంలో ఉడికిన చిన్న పాస్తా. వలస వెళ్ళిన ఇటలీవాళ్ళు ఆ అలవాటుని అమెరికా దాకా తీసుకెళ్ళారు. 2023 జనవరిలో అక్కడి రొన్‌జోని కంపెనీ నక్షత్రాల పాస్తా తయారీ ఆపేస్తున్నామని ప్రకటిస్తే, ఆపొద్దని జనం సంతకాలు సేకరించారు. ఒక పాస్తా ఆకారం కోసం పెద్దవాళ్ళు అంత బాధపడ్డారంటే, దాంతో ముడిపడ్డవి వాళ్ళ చిన్ననాటి జ్వరాలు, అమ్మచేతి ముద్దలు.

మా ఆశ్రమంలో ఒక పెద్దావిడ ఉండేది. భర్త పోయాక పళ్ళెం ముట్టుకోవడం మానేసింది. మాంసం ముక్కలు తోసేసేది, కూర తోసేసేది. ఒక సాయంత్రం స్టెల్లినె చిక్కగా ఉడికించి, దించాక గుడ్డు ఒకటి గిలక్కొట్టి అందులో కలిపాను. వెన్న ఒక చిన్న ముక్క, పార్మిజాన్ తురుము ఒక పెద్ద చెంచా వేసి, పళ్ళెంలో పలచగా పరిచి తీసుకెళ్ళాను. పలచగా పరిస్తే అంచుల దగ్గర త్వరగా చల్లారుతుంది. ఆవిడ అంచు నుంచి మొదలుపెట్టి, చెంచాతో గుండ్రంగా గీస్తూ, లోపలికి తింటూ వచ్చింది. సగం తిన్నాక "మా అమ్మ కూడా అంచునుంచే తినమనేది సిస్టర్" అంది. ఆ రోజునుంచి ఆవిడ రాత్రి భోజనానికి వచ్చేది. మర్నాడు కాస్త కూర కూడా తింది.

గుడ్డు కలిపే పద్ధతి సరిగ్గా తెలుసుకోండి. గిన్నె పొయ్యి మీద ఉండగా వేస్తే గుడ్డు విరిగి పీచులౌతుంది. దించి, ఒక నిమిషం ఆగి, గిలక్కొట్టిన గుడ్డుని ధారగా పోస్తూ వేగంగా కలపాలి. అప్పుడు మీగడలా పట్టుకుంటుంది. ఇలా కలిపిన గుడ్డు పూర్తిగా ఉడకదు. పెద్దవాళ్ళకి, గర్భిణులకి, పసివాళ్ళకి పెట్టేటప్పుడు పాశ్చరైజు చేసిన గుడ్డు వాడాలి. అది దొరకనిచోట గుడ్డు మానేసి వెన్నతోనే చెయ్యండి.

9. గింజలతో జత కలిపితే పూర్తి భోజనం

చిన్న పాస్తాకి పప్పుదినుసులు మంచి తోడు. ఇటలీ అంతటా పాస్తా, చిక్కుడుగింజల వంటకం ఉంది. ఊరికో తీరు. బొర్లొత్తి అనే చిక్కుడుగింజలు రాత్రి నానబెట్టి, పొద్దున మెత్తగా ఉడికిస్తారు. వేరే గిన్నెలో ఆలివ్ నూనె వేసి సన్నగా తరిగిన ఉల్లి, క్యారెట్, సెలెరీ మగ్గబెడతారు. ఉడికిన గింజల్లో సగం మెదిపి, సగం అలాగే ఉంచి, ఉడికిన నీళ్ళతో సహా అందులో పోస్తారు. మరిగాక దితాలిని వేస్తారు. మెదిపిన గింజలే రసానికి చిక్కదనం. నేపుల్సువాళ్ళు దీన్ని చెంచా నిలబడేంత దగ్గరగా చేస్తారు. పాస్తాని విడిగా తూచి అమ్మే రోజుల్లో పెట్టెల అడుగున మిగిలిన ముక్కలూ చెక్కలూ చవగ్గా అమ్మేవారు. పేదవాళ్ళు అవి కొనుక్కెళ్ళి గింజల్లో వేసుకునేవారు. ఇప్పుడు అదే ముక్కల కలగలుపుని కంపెనీలు కావాలని తయారుచేసి అమ్ముతున్నాయి.

మన ఇళ్ళలో బొర్లొత్తి కోసం వెతుక్కోనక్కర్లేదు. బొర్లొత్తి జాతి చిక్కుళ్ళు అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. అవి రాకముందు ఇటలీవాళ్ళు తిన్నది మన అలసందల జాతివే. అలసందలు, కొందరు బొబ్బర్లంటారు, నానబెట్టి కుక్కరులో మెత్తగా ఉడికించండి. లేదా శనగలు తీసుకోండి. రోమువాళ్ళు శనగలతో చేస్తారు. వెల్లుల్లి, రోజ్‌మేరీ నూనెలో వేసి, కాస్త టమాటా చేర్చి, శనగలు ఉడికిన నీళ్ళతోనే పాస్తా ఉడికిస్తారు. రోజ్‌మేరీ దొరక్కపోతే వెల్లుల్లీ మిరియాలూ చాలు. తాలింపు, కరివేపాకు వేస్తే అదీ రుచే, అయితే అది మన వంటకమవుతుంది. ముందు ఒకసారి వాళ్ళ పద్ధతిలో చేసి, ఆ రుచి తెలుసుకున్నాక మీ ఇష్టం.

10. వేయిస్తే గింజ గింజగా నిలుస్తుంది

మాతో ఉన్న సార్డీనియా సిస్టర్ ఒకావిడ ఫ్రేగొల చేత్తోనే చేసేది. వెడల్పాటి మట్టి బేసినులో ముతక రవ్వ పోసి, ఉప్పునీళ్ళు వేళ్ళతో చిలకరించి, అరచేతిని అడుగున ఆనించి గుండ్రంగా తిప్పేది. రవ్వ తడికి తడి అంటుకుని, ఆవగింజంత, తర్వాత మిరియమంత ఉండలు కట్టేది. పొడిరవ్వ చల్లడం, నీళ్ళు చిలకరించడం, తిప్పడం. చాలాసేపు అదే పని. ఆ ఉండల్ని జల్లించి, ఆరబెట్టి, అవెన్లో వేయించేది. అన్నీ ఒకే రంగులో ఉండవు. కొన్ని లేత పసుపు, కొన్ని గోధుమరంగు, కొన్ని మాడీ మాడనట్టు. ఆ తేడాలోనే ఫ్రేగొల రుచి ఉంది. వాళ్ళ ద్వీపంలో దీన్ని చిన్న ఆల్చిప్పలతో, వాటి నీళ్ళలోనే వండుతారు. ఆల్చిప్ప తిననివాళ్ళకి టమాటా రసంలో వండినా బాగుంటుంది.

వేయించడమెందుకో సేమ్యా వండే మనకి విడమర్చి చెప్పనక్కర్లేదు. నెయ్యిలో వేయించిన సేమ్యా పాయసంలో ముద్దకాదు. పైన ఉన్న పిండి వేడికి మారిపోయి, నీళ్ళు నెమ్మదిగా పీలుస్తుంది. ఈ సూత్రం చాలా దేశాల్లో ఉంది. టర్కీలో బియ్యపు గింజల ఆకారపు పాస్తాని వెన్నలో ఎర్రగా వేయించి, బియ్యంతో కలిపి పులావు వండుతారు. మెక్సికోలో సన్నటి పాస్తా పుల్లల్ని నూనెలో వేయించి టమాటా రసంలో ఉడికిస్తారు. ఇజ్రాయెల్లో 1950ల్లో బియ్యం కరువైనప్పుడు, ప్రధాని బెన్ గురియన్ కోరిక మీద ఓసెమ్ కంపెనీ బియ్యం ఆకారంలో వేయించిన పాస్తా చేసింది. జనం దాన్ని బెన్ గురియన్ బియ్యమనేవారు. తర్వాత గుండ్రటి ముత్యాల్లా కూడా చెయ్యడం మొదలైంది.

ఇంట్లో రిజోని ఉంటే ఇలా చెయ్యండి. చెంచాడు నెయ్యిలో లేత గోధుమరంగు వచ్చేదాకా వేయించండి. ఉల్లిపాయ మగ్గబెట్టి, వేడి రసం గరిట గరిటగా పోస్తూ కలపండి. ఒక గరిట ఇంకాకే ఇంకో గరిట. పది, పన్నెండు నిమిషాల్లో దగ్గరపడుతుంది. పచ్చిబఠాణీలు, పాలకూర ఏదైనా చివర్లో వెయ్యొచ్చు.

11. పండగకి ఉంగరాలు

చిన్న పాస్తా అంటే పత్యపు తిండి అనుకునేవాళ్ళు సిసిలీలోని పలెర్మో వెళ్ళి చూడాలి. అక్కడ ఆనెల్లెత్తి అనే ఉంగరాలని సగం ఉడికించి, మాంసం కూర, బఠాణీలు, వేయించిన వంకాయ, చీజ్ కలిపి, గిన్నెకి వెన్న రాసి రొట్టెపొడి చల్లి, అవెన్లో కాలుస్తారు. తీసిన వెంటనే కొయ్యరు. పావుగంట ఆగాలి. అప్పుడు కేకులా ముక్కలుగా నిలుస్తుంది. ఆగస్టు 15 మాత పండగనాడు ఇంటిల్లిపాదీ సముద్రతీరానికి ఇదే పట్టుకెళ్తారు. గ్రీసులో మాంసాన్ని టమాటాతో మట్టిపాత్రలో కాల్చి, చివర్లో బియ్యం ఆకారపు పాస్తాని ఆ రసంలోనే పోసి ఉడకనిస్తారు. రెండిట్లోనూ కిటుకు ఒకటే. పాస్తాని ముందే పూర్తిగా ఉడికించకండి. మిగతా ఉడుకు కూర రసంలో అవ్వాలి.

12. మిగిలినదాన్ని గౌరవంగా వాడండి

రసంలో మిగిలిన పాస్తా మర్నాటికి ముద్దవుతుంది. వేడినీళ్ళు పోసి పలచన చేసినా మునుపటి రుచి రాదు. అందుకని రసాన్ని వేరుగా ఎక్కువ చేసి దాచుకోండి, పాస్తా పూటకి సరిపడా వెయ్యండి. ఒకవేళ మిగిలితే రసం వార్చి, రెండు గుడ్లు, చీజ్ తురుము, మిరియాలపొడి కలిపి పెనం మీద మందంగా అట్టు పొయ్యండి. రెండువైపులా ఎర్రగా కాలితే పిల్లలు స్కూలుకి పట్టుకెళ్ళే డబ్బాలోకి సరిపోతుంది.

పొట్లాల అడుగున మిగిలిన గుప్పెడు గుప్పెడు పాస్తాని ఒక సీసాలో పోసుకునేవాళ్ళుంటారు. పోసుకోండి, కానీ ఉడికే నిమిషాలు దగ్గరగా ఉన్నవే కలపండి. మన కోస్తా ఎండకీ తేమకీ రవ్వలో పురుగు పట్టినట్టే పాస్తాలోనూ పడుతుంది. మూత బిగుతుగా ఉన్న సీసాలో, పొయ్యికి దూరంగా పెట్టండి.

13. వండేవాళ్ళు కూడా అదే గిన్నెలోంచి తినాలి

కొత్త సిస్టర్లకి నేను చివరగా చెప్పేది ఇది. ఆశ్రమంలో, ఆసుపత్రిలో వండేవాళ్ళు ముసలివాళ్ళకి ఒకటి, తమకి ఒకటి వండుకోవడం మొదలుపెడితే పెద్దవాళ్ళ గిన్నె పలచబడుతుంది. ఉప్పు సరిగ్గా ఉందో లేదో, చల్లారిందో లేదో ఎవరికీ పట్టదు. వాళ్ళతో కూర్చుని, ఆ చెంచాతోనే, ఆ రసమే తిన్నప్పుడు రేపు ఏం మార్చాలో మనకే తెలుస్తుంది. పత్యపు తిండికి కూడా రుచి ఉండాలని, అది తినేవాళ్ళ హక్కని నేను నమ్ముతాను. చిన్న పాస్తా తక్కువ ఖర్చుతో, తక్కువ సమయంలో ఆ హక్కుని నిలబెట్టగల వంటకం.

ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళు ఒక పొట్లం స్టెల్లినె, ఒక పొట్లం దితాలిని కొని పెట్టుకోండి. స్టెల్లినె ఏ రోజు ఎవరికి ఆకలి లేకపోయినా ఆ రోజుకి. దితాలిని శనగలు నానబెట్టిన మర్నాటికి. ఈ ఆదివారం రసం కాచి, చల్లార్చి, పూటకి సరిపడా డబ్బాల్లో పోసి ఫ్రీజర్లో పెట్టండి. ఆ తర్వాత ఎప్పుడు కావాలన్నా పదిహేను నిమిషాల పని. పొయ్యి వెలిగించే ముందు మాత్రం గదిలోకి వెళ్ళి అడగండి: "ఎంత తింటారు, ఇప్పుడు వెయ్యనా?"